హ్యామ్‌స్టర్ నివాసం

పెంపుడు హ్యామ్‌స్టర్ రెండు మూడేళ్లు బతుకుతుంది. ఆ కాలమంతా దాదాపుగా మనం అమర్చిన పెట్టెలోనే గడుస్తుంది. కుక్క వీధిలో తిరిగి వస్తుంది, పిల్లి గోడలెక్కుతుంది, చిలుకకు కనీసం కిటికీలోంచి ఆకాశం కనిపిస్తుంది. హ్యామ్‌స్టర్‌కు మాత్రం ఆ నాలుగు గోడల మధ్య ఏది పెడితే అదే లోకం. కాబట్టి దాని తిండి, వైద్యం, మచ్చిక అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది దాని ఇల్లు. దుకాణంలో జంతువును ఎంచుకున్నాక, పక్కనే వేలాడుతున్న రంగుల పంజరాన్ని చేతబట్టుకుని రావడం ఇప్పుడున్న అలవాటు. ఈ వరుస తిరగబడాలి. ఇల్లు సిద్ధమయ్యాకే హ్యామ్‌స్టర్ గడపలోకి రావాలి.

పెంపకంలో కనిపించే జాతులు ప్రధానంగా అయిదు. అన్నిటికంటే పెద్దది సిరియన్ హ్యామ్‌స్టర్. దాన్నే బంగారు హ్యామ్‌స్టర్ అనీ పిలుస్తారు. పొడవు 13 నుంచి 18 సెంటీమీటర్లు, బరువు సాధారణంగా 100 నుంచి 150 గ్రాములు. మరుగుజ్జు రకాల్లో క్యాంప్‌బెల్, శీతాకాలంలో తెల్లబడే జంగేరియన్, అన్నిటికంటే చిన్నదైన రోబోరోవ్‌స్కీ ఉన్నాయి. అయిదోది కాస్త పొడవైన తోకతో కనిపించే చైనీస్ హ్యామ్‌స్టర్. రోబోరోవ్‌స్కీ బరువు పాతిక గ్రాములకు అటూ ఇటూ. శరీరం ఇంత చిన్నది కనుక ఇల్లూ చిన్నదే చాలనుకోవడం దగ్గరే అసలు పొరపాటు మొదలవుతుంది.

బొరియే కొలమానం

సిరియన్ హ్యామ్‌స్టర్ సొంత ఊరు ఉత్తర సిరియా, దాన్ని ఆనుకున్న దక్షిణ తుర్కియే. అలెప్పో చుట్టుపక్కల పీఠభూమిలో, ఎక్కువగా సాగుభూముల్లో అది బొరియలు తవ్వుకుంటుంది. జర్మనీలోని హాలే విశ్వవిద్యాలయానికి చెందిన రోల్ఫ్ గాటర్‌మన్ బృందం ఆ పొలాల్లో తిరిగి, బొరియలను తవ్వి కొలిచి, 2001లో వివరాలు ప్రచురించింది. బొరియల లోతు 36 నుంచి 106 సెంటీమీటర్ల వరకు ఉంది, సగటు సుమారు 65 సెంటీమీటర్లు. సొరంగాల మొత్తం పొడవు సగటున 2 మీటర్లు. కొన్నిచోట్ల 9 మీటర్ల దాకా సాగింది. ఒక్కో బొరియలో ఒక్కటే పెద్ద హ్యామ్‌స్టర్. లోపల పడుకునే గది వేరు, గింజలు దాచే గది వేరు, మూత్రానికి ఒక మూల వేరు.

హ్యామ్‌స్టర్ ఇంటి గురించి తెలుసుకోవలసినదంతా ఈ నాలుగైదు కొలతల్లోనే ఉంది. అది లోతు కోరుతుంది, చీకటి కోరుతుంది, ఏకాంతం కోరుతుంది, పనులను గదుల వారీగా విడదీసుకుంటుంది. పైన మండే ఎండ ఉన్నా, గడ్డకట్టే చలి ఉన్నా, అరవై సెంటీమీటర్ల కింద మట్టి ఉష్ణోగ్రత పెద్దగా మారదు. ఆ నిలకడ కోసమే దాని ముంగాళ్లు, గోళ్లు, బుగ్గ సంచులు అలా తయారయ్యాయి. దుకాణంలో దొరికే రెండంతస్తుల తీగ పంజరంలో వీటిలో ఒక్కటీ ఉండదు. పైకి ఎక్కే మెట్లుంటాయి కానీ కిందికి తవ్వే చోటుండదు.

ఈ జాతిని 1839లో లండన్‌లో జార్జ్ రాబర్ట్ వాటర్‌హౌస్ శాస్త్రీయంగా వర్ణించాడు. ఆయనకు దొరికిన నమూనా అలెప్పోదే. ఆ తర్వాత చాలా కాలం దాన్ని పట్టించుకున్నవారు లేరు. 1930లో జెరూసలెం హీబ్రూ విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్త ఇస్రాయెల్ అహరోనీ అలెప్పో దగ్గర ఒక గోధుమ చేనులో సుమారు 8 అడుగుల లోతు తవ్వించి, తల్లినీ పిల్లలనూ బయటకు తీయించాడు. లీష్మానియాసిస్ వ్యాధిపై పరిశోధన చేస్తున్న సాల్ ఆడ్లర్‌కు ప్రయోగజంతువులు కావాలి, అందుకోసమే ఈ తవ్వకం. జెరూసలెం చేరిన పిల్లల్లో కొన్ని చెక్క అడుగున్న పంజరాన్ని ఒక్క రాత్రిలో కొరికి పారిపోయాయి. మిగిలిన కొద్దిపాటి అన్నాచెల్లెళ్ల సంతానమే పెరిగి 1931లో ఇంగ్లండుకు, 1938లో అమెరికాకు చేరింది. నేడు ప్రపంచంలో ఇళ్లలో పెరుగుతున్న సిరియన్ హ్యామ్‌స్టర్లలో చాలా భాగం వాటి వారసులే. బందిఖానాలో అడుగుపెట్టిన తొలి రోజుల్లోనే ఈ జంతువు పంజరం నాణ్యతను పరీక్షించిందన్న మాట. తొంభై అయిదేళ్లు గడిచినా ఆ పళ్ల పని తగ్గలేదు.

ప్రయోగశాలకు వచ్చిన జంతువు ప్రయోగశాల డబ్బాలోనే ఒదిగింది. వరుసగా అలమరలో పేర్చడానికి, త్వరగా కడగడానికి, తక్కువ చోటులో ఎక్కువ జంతువులను ఉంచడానికి తయారైన డబ్బా అది. 1940లలో అమెరికాలోని మొబీల్ నగరంలో ఆల్బర్ట్ మార్ష్ 'గల్ఫ్ హ్యామ్‌స్టరీ' పేరుతో వీటి పెంపకాన్ని పెద్ద వ్యాపారంగా మార్చాక హ్యామ్‌స్టర్ ఇళ్లలోకి వచ్చింది, దాంతోపాటు చిన్న పంజరం అలవాటూ వచ్చింది. 1970ల నాటికి రంగురంగుల ప్లాస్టిక్ గొట్టాలను కలుపుకుంటూ పోయే 'హ్యాబిట్రెయిల్' లాంటి ఇళ్లు పిల్లలను ఆకట్టుకున్నాయి. బొరియను తలపిస్తాయని వాటికి పేరు. గొట్టం బొరియలా కనిపిస్తుంది నిజమే, కానీ మట్టి గాలినీ తేమనీ పీల్చుకుని వదులుతుంది, ప్లాస్టిక్ వదలదు. ఊపిరి తేమ, మూత్రం వాసన గొట్టంలోనే నిలిచిపోతాయి. బుగ్గల నిండా గింజలు నింపుకున్న పెద్ద సిరియన్ ఇరుకు గొట్టంలో ఇరుక్కుపోయే ప్రమాదమూ ఉంది.

ఎంత చోటు, ఎంత లోతు

చోటు విషయంలో అభిప్రాయాలకంటే కొలతలు నయం. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో చేసి 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో బంగారు హ్యామ్‌స్టర్లను నాలుగు పరిమాణాల పంజరాల్లో ఉంచి చూశారు. అన్నిటికంటే చిన్నదాని నేల 1,800 చదరపు సెంటీమీటర్లు, పెద్దదాని నేల 10,000. చిన్న పంజరాల్లోని హ్యామ్‌స్టర్లు తీగలను ఎక్కువసేపు, ఎక్కువసార్లు కొరికాయి. పెద్దదానిలో ఆ అలవాటు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అదే విశ్వవిద్యాలయం నుంచి 2006లో వచ్చిన మరో పరిశోధన పడక పొర లోతును 10, 40, 80 సెంటీమీటర్లుగా మార్చి చూసింది. పది సెంటీమీటర్ల పొర మీద ఉన్నవి మిగిలిన రెండు గుంపులకంటే స్పష్టంగా ఎక్కువ తీగ కొరికాయి, చక్రం మీద కూడా ఎక్కువగా పరుగెత్తాయి.

ఈ రెండు పరిశోధనలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. నేల పెంచితే మేలు, కానీ నేల ఒక్కటే పెంచితే సరిపోదు. లోతు తోడైతేనే జంతువు స్థిమితపడుతుంది. తీగ కొరకడం చాలామంది అనుకున్నట్టు పళ్లు అరగదీసుకునే పని కాదు. బయటపడే దారి వెతుకుతూ, అది దొరకక, అదే కదలికను గంటల తరబడి తిరిగి తిరిగి చేయడం. ఆ ఒరిపిడికి ముక్కు మీద బొచ్చు ఊడి పుండు పడుతుంది, కొన్నిసార్లు పళ్లు వంకరపోతాయి. "మా వాడు రాత్రంతా ఆడుకుంటూనే ఉంటాడు" అని ముచ్చటపడే ముందు ఆ కదలిక ఆటా, ఆరాటమా అని ఒక్క రాత్రి నిలబడి చూడడం మంచిది.

జర్మనీ పశువైద్యుల జంతుసంక్షేమ సంఘం సూచించే కనీస కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు. బ్రిటన్‌లోని జంతుసంక్షేమ సంస్థల్లో కొన్ని ఇదే కొలత చెబుతున్నాయి. అంటే నేల 5,000 చదరపు సెంటీమీటర్లు, మన లెక్కలో దాదాపు అయిదున్నర చదరపు అడుగులు. మన దుకాణాల్లో మామూలుగా చేతికిచ్చే అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు పంజరం ఇందులో నాలుగో వంతు మాత్రమే. ఈ కొలత కూడా కనీసమే, ఆదర్శం కాదు. 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు అమర్చగలిగితే అదే మేలు. మరుగుజ్జు రకాలకు తక్కువ చాలునన్న మాట వినిపిస్తుంది. రోబోరోవ్‌స్కీ చురుకుదనం ఒకసారి చూసినవారు ఆ మాట అనరు. అది ఎడారి మైదానాల్లో పరుగులు తీసే జంతువు.

అంతస్తులను నేల వైశాల్యంలో కలపకూడదు. హ్యామ్‌స్టర్ చూపు మందం, ఎత్తును సరిగా అంచనా వేయలేదు. అంచు తెలియక అడుగు బయటపెట్టి పడిపోతుంది. ఒక అరుగు పెట్టాలనిపిస్తే పడక పొరకు పది పదిహేను సెంటీమీటర్లకు మించని ఎత్తులో పెట్టడం క్షేమం.

పడక పొర కనీసం 20 సెంటీమీటర్లు ఉండాలి, సిరియన్‌కు 25 నుంచి 30 ఉంటే సొరంగాలు నిలబడతాయి. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఇంట్లో 25 సెంటీమీటర్లు నింపాలంటే 125 లీటర్ల పడక కావాలి. ఈ లెక్క ముందే తెలియక చిన్న ప్యాకెట్టు కొని అడుగున పలచగా పరిచేవారే ఎక్కువ. పెట్టె మొత్తం ఒకే లోతు ఉండాల్సిన పనిలేదు. ఒక వైపు పొర ఎత్తుగా, రెండో వైపు వాలుగా తగ్గేలా పరిచి, తక్కువ లోతున్న చోట చక్రమూ నీళ్లూ పెట్టుకోవచ్చు.

పడకకు ఏది వాడాలి? వాసన, రంగు లేని కాగితపు పడక, టిష్యూ ముక్కలు, ఆస్పెన్ చెక్క తురుము మంచివి. మధ్యమధ్య ఎండుగడ్డి పొరలు వేస్తే సొరంగం కప్పు కూలదు. దేవదారు, పైన్ తురుములో ఘాటైన నూనెలుంటాయి. అవి ఊపిరితిత్తులను మంటపెడతాయి, కాలేయం మీద భారం వేస్తాయి. సామిల్లు నుంచి ఊరికే దొరికే రంపపు పొట్టు మన దగ్గర సులభమైన దారి. కానీ అది ఏ చెట్టుదో తెలియదు, అందులోని సన్నని ధూళి ముక్కులోకి పోతుంది, సొరంగానికి నిలబడదు. వరి ఊకా అంతే: గరుకు, దుమ్ము, తవ్వితే జారిపోతుంది. దూదిలా మెత్తగా ఉండే 'గూటి పీచు' ప్యాకెట్లు అన్నిటికంటే ప్రమాదకరం. ఆ పోగులు కాళ్లకు చుట్టుకుని రక్తప్రసారాన్ని ఆపేస్తాయి, మింగితే పేగుల్లో అడ్డుపడతాయి. పది పైసల టిష్యూ కాగితాన్ని చింపి ఇస్తే హ్యామ్‌స్టర్ దాన్ని బుగ్గల్లో కుక్కుకుని వెళ్లి తానే గూడు అల్లుకుంటుంది.

గోడలు, మూత

తీగ పంజరం, గాజు తొట్టె, ప్లాస్టిక్ పెట్టె, చెక్క పెట్టె అని నివాసాలు నాలుగు రకాలు. తీగ పంజరానికి గాలి బాగా ఆడుతుంది కానీ అడుగు తొట్టె లోతు తక్కువ, పడక నిలవదు, కొరకడానికి తీగ ఎప్పుడూ నోటి ముందే ఉంటుంది. అయినా అదే వాడాల్సివస్తే తీగల మధ్య ఖాళీ సిరియన్‌కు ఒక సెంటీమీటరు, మరుగుజ్జులకు 7 మిల్లీమీటర్లు దాటకూడదు. తల దూరిన సందులోంచి మిగతా ఒళ్లూ దూరుతుంది. సగం దూరి ఇరుక్కుపోతే అది తప్పించుకోవడంకన్నా ఘోరం. అడుగు కూడా తీగతో ఉన్న పంజరం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

గాజు తొట్టెలో లోతుగా పడక వేయొచ్చు, లోపల ఏం జరుగుతోందో చూడొచ్చు. మూతకు గాజు బదులు వెల్డ్ మెష్ బిగించాలి. ఎత్తు వెడల్పును మించిన ఇరుకు తొట్టెలో గాలి కిందిదాకా దిగదు. ఐరోపాలో చాలామంది ఐకియా వారి 'డెటోల్ఫ్' గాజు అలమరను అడ్డంగా పడుకోబెట్టి హ్యామ్‌స్టర్ ఇల్లుగా మార్చుకున్నారు. దాదాపు 160 సెంటీమీటర్ల పొడవు దానికి బలం, 40 సెంటీమీటర్ల వెడల్పు దానికి లోపం. పెద్ద ప్లాస్టిక్ నిల్వ పెట్టెకు మూతలోనూ పక్కలోనూ కిటికీలు కోసి మెష్ బిగించడం అన్నిటికంటే చవకైన పద్ధతి. మరుగుజ్జులకు అది పనికొస్తుంది, సిరియన్‌కు సరిపడేంత పొడవైన పెట్టె దొరకడమే కష్టం.

మన ఊళ్లలో నా ఓటు వడ్రంగి పనికే. ప్లైవుడ్ పెట్టె, ముందు వైపు గాజు లేదా ఆక్రిలిక్ పలక, పైన తెరుచుకునే మెష్ తలుపు. ఇలాంటిది ఏ చిన్న పట్టణంలోనైనా మనం చెప్పిన కొలతకు చేయించుకోవచ్చు. విదేశీ పంజరం కోసం వెతకాల్సిన పనిలేదు. మూడు జాగ్రత్తలు చాలు. మూత్రం పీల్చకుండా లోపలి అడుగునా పక్కలా సన్‌మైకా అంటించాలి. పళ్లకు అందే చెక్క అంచులకు అల్యూమినియం యాంగిల్ కొట్టించాలి. జిగురు, వార్నిష్ వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం రెండు మూడు వారాలు, పెట్టెను గాలికి ఆరనివ్వాలి. మెష్ కొసలు లోపలి వైపు పొడుచుకురాకుండా బీడింగ్‌తో మూయించడం మరువకూడదు.

లోపలి అమరిక

చక్రం విలాసం కాదు, అవసరం. రాత్రికి కొన్ని కిలోమీటర్లు పరుగెత్తే శరీరానికి మీటరు పెట్టెలో వేరే దారి లేదు. సిరియన్‌కు 28 సెంటీమీటర్ల వ్యాసం, మరుగుజ్జులకు 20 సెంటీమీటర్లు ఉండాలి. పరుగెత్తేటప్పుడు వీపు తిన్నగా ఉంటే చక్రం సరైనది, వెన్ను వెనక్కి వంగుతుంటే అది చిన్నది. పంజరంతో పాటు ఉచితంగా వచ్చే అరచేతి చక్రాలన్నీ వెన్ను వంచేవే. పరుగు దారి సందుల్లేని పలకగా ఉండాలి. కడ్డీల చక్రంలో కాలు జారి విరిగిన హ్యామ్‌స్టర్లు పశువైద్యుల దగ్గరకు వస్తూనే ఉంటాయి. జాలీ మీద పరుగులు అరికాళ్లను పుండ్లు చేస్తాయి. ఇంట్లో దొర్లించే పారదర్శక బంతి చక్రానికి ప్రత్యామ్నాయం కాదు. అందులో గాలి తక్కువ, వాసన చూసే దారి లేదు, భయమేస్తే దాక్కునే చోటు లేదు, సందుల్లో వేళ్లు ఇరుక్కుంటాయి. దాన్ని కొనకపోవడమే మంచిది.

గూడు గదికి అడుగు అక్కర్లేదు. అడుగులేని చెక్క గదిని పడకలో సగం పూడిస్తే హ్యామ్‌స్టర్ అక్కడినుంచే కిందికి తవ్వుకుంటుంది. రెండు మూడు అరలున్న గది ఇస్తే బొరియలో లాగే ఒకటి పడకకు, ఒకటి ధాన్యానికి కేటాయించుకుంటుంది. సిరియన్‌కు గుమ్మం 6 సెంటీమీటర్లు ఉంటే బుగ్గలు నిండినా దూరుతుంది. ఇక్కడ చాలామంది చూడని ప్రమాదం బరువు. చక్రం, రాయి, మట్టికుండ లాంటివాటిని పడక పైన పెడితే, దాని కిందగా సొరంగం తవ్విన జంతువు మీద కూలతాయి. బరువైన ప్రతి వస్తువూ పెట్టె అడుగు మీద ఆనాలి, లేదా అడుగుకు తాకే కాళ్లున్న పీట మీద నిలవాలి.

ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి ఇసుక కావాలి, నీళ్ల స్నానం వద్దు. రోబోరోవ్‌స్కీకైతే నేలలో మూడో వంతు ఇసుకకే వదలాలి. పొడిలా మెత్తగా ఉండే 'స్నానపు పౌడరు' ఊపిరితిత్తుల్లోకి పోతుంది, గరగరలాడే ఇసుకే కావాలి. ఏటి ఇసుకను సన్న జల్లెడ పట్టి, తేట నీరు వచ్చేదాకా కడిగి, ఎండబెట్టి, మూకుడులో వేయించి చల్లార్చితే సరిపోతుంది. చాలా హ్యామ్‌స్టర్లు ఆ ఇసుకలోనే మూత్రం పోస్తాయి. రోజూ ఆ ముద్దలు తీసేస్తే ఇల్లంతా పొడిగా ఉంటుంది.

నీటి సీసా ముక్కు కారి కింద పడక నానడం మామూలే, కాబట్టి సీసా కింద రాయో పలకో ఉంచాలి. బరువైన చిన్న పింగాణీ గిన్నెలో నీళ్లు పెట్టినా హ్యామ్‌స్టర్ హాయిగా తాగుతుంది. ఆహారాన్ని గిన్నెలో పోసేకంటే పడక మీద చల్లడం నయం. వెతుక్కుని, బుగ్గల్లో నింపుకుని, కొట్లో దాచుకోవడమే దాని రాత్రి ఉద్యోగం.

మన ఎండ, మన వానలు, మన చీమలు

పాశ్చాత్య పుస్తకాలు హ్యామ్‌స్టర్ ఇంటి గురించి రాసేటప్పుడు చలి గురించే ఎక్కువ హెచ్చరిస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రాణాలు తీసేది వేడి. హ్యామ్‌స్టర్‌కు చెమట పట్టదు. దానికి సుఖమైన ఉష్ణోగ్రత 20 నుంచి 24 డిగ్రీల సెల్సియస్. 30 దాటితే కష్టం మొదలవుతుంది. రామగుండంలో, రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. డాబా కింది గది రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. తవ్వుకుని చల్లని మట్టిలోకి దిగే దారి అడవి హ్యామ్‌స్టర్‌కు ఉంది, మన పెట్టెలో దానికి లేదు. అందుకే వేసవిలో ఏసీ గదో, కనీసం ఇంట్లోకెల్లా చల్లని గదో చూపించలేని ఇంట్లో హ్యామ్‌స్టర్‌ను పెంచకూడదన్నది నా నిశ్చితాభిప్రాయం. ఈ మాట కఠినంగా వినిపించవచ్చు, కానీ వడదెబ్బ తగిలిన జంతువు గంటల్లో పోతుంది.

గది చల్లగా ఉన్నా ఇల్లు పెట్టే చోటు ముఖ్యం. కిటికీ ఎండ పడే చోట గాజు తొట్టె నిమిషాల్లో పొయ్యి అవుతుంది. పడమటి గోడకు ఆనించకూడదు. బాల్కనీ అసలే వద్దు: ఎండ, వాన జల్లు, కాకి, పిల్లి అన్నీ అక్కడికే వస్తాయి. ఫ్యాన్ గాలి మనకు చెమట ఆర్చి చల్లదనమిస్తుంది, చెమట పట్టని హ్యామ్‌స్టర్‌కు దానితో ఒరిగేది తక్కువ. తెలంగాణ, రాయలసీమల పొడి వేడికి కూలరు గది ఉష్ణోగ్రతను నిజంగానే దించుతుంది, కానీ గాలి నేరుగా పెట్టె మీదకు తగలకూడదు. కోస్తాలో, గాలిలో ముందే తేమ నిండి ఉన్నప్పుడు, కూలరు ఉక్కను పెంచి పడకను చెమ్మ చేస్తుంది.

మనకు దగ్గరలో దొరికే రాయి ఇక్కడ ఎంతో అక్కరకొస్తుంది. అడుగు చదరపు తాండూరు బండ ముక్కో, బేతంచెర్ల రాయో, కడప బండో పెట్టె అడుగుకు ఆనేలా ఒక మూల పెడితే హ్యామ్‌స్టర్ మధ్యాహ్నం దాని మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. నగిషీ లేని, రంగు వేయని మట్టి ముంతను పక్కకు వాల్చి పెడితే అది చల్లని గది. కరెంటు పోయిన రోజున గడ్డకట్టించిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పెట్టె బయటి గోడకు ఆనించాలి, లోపల పెడితే కొరుకుతుంది, తడుస్తుంది. జంతువు చాపలా పరుచుకుని, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే వెంటనే చల్లని గదికి మార్చి, మామూలు నీళ్లలో పిండిన గుడ్డ మీద పడుకోబెట్టి పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. ఐసు నీళ్లలో ముంచడం ప్రాణాంతకం.

చలి బాధ మనకు లేదని కాదు. ఆదిలాబాద్‌లో, లంబసింగిలో, అరకులో శీతాకాలపు రాత్రులు ఒంటి అంకెకు దిగుతాయి. అప్పుడు హ్యామ్‌స్టర్ ఒళ్లు చల్లబడి, ఊపిరి తెలియనంత నెమ్మదించి, చచ్చినట్టే పడి ఉండవచ్చు. పూడ్చిపెట్టే ముందు దాన్ని వెచ్చని గదిలో, అరచేతుల మధ్య అరగంటకు తక్కువ కాకుండా ఉంచి చూడాలి. మీసాలు కదలడం, ముడుచుకున్న కాళ్లు వణకడం మొదలైతే అది చావు కాదు, చలి నిద్ర. లోతైన పడక ఉన్న ఇంట్లో ఈ పరిస్థితి అరుదు.

వానాకాలంలో శత్రువు బూజు. కాగితం, గడ్డి తేమ పీల్చుకుంటాయి, దాచిన గింజలు మొలకెత్తి నలుపెక్కుతాయి. మొక్కజొన్న కండె పొడితో చేసే పడక మన వానలకు అసలే పనికిరాదు. వారానికోసారి ధాన్యపు కొట్టును మాత్రం తెరిచి చూసి, మెత్తబడినవి తీసి, అంతే కొత్తవి అక్కడే ఉంచాలి. కొట్టు మొత్తం ఖాళీ చేస్తే హ్యామ్‌స్టర్ కంగారుపడుతుంది.

చీమల సంగతి ఇంగ్లీషు పుస్తకాల్లో కనిపించదు, మన ఇళ్లలో మాత్రం అది రోజువారీ పోరాటం. గింజల వాసనకు వచ్చిన చీమలు నిద్రపోతున్న జంతువును కుడతాయి, పుట్టిన పిల్లలనైతే చంపేస్తాయి. పూర్వం పాలగిన్నెల బల్లకు చేసినట్టే పెట్టె ఉన్న బల్ల కాళ్ల కింద నీటి గిన్నెలు పెట్టాలి, బల్ల గోడకు తగలకూడదు. చీమల సుద్ద, బొద్దింకల స్ప్రే, దోమల చుట్ట పొగ, గాఢమైన అగరుబత్తి ఆ గదిలో వద్దు. ఇంటి ఎలుకలు గింజల కోసం రాత్రి మెష్ మీదకు ఎక్కుతాయి, రోగాలు మోసుకొస్తాయి, మరుగుజ్జుల కాళ్లు కొరుకుతాయి. వాటి కోసం గోడకు తగిలించే 'ఎలుకలను తరిమే' విద్యుత్ పరికరం మాత్రం పెట్టకూడదు. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగితే, హ్యామ్‌స్టర్ చెవి సుమారు 46 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. మనకు నిశ్శబ్దంగా ఉన్న ఆ పరికరం దానికి రాత్రింబవళ్లు ఆగని కూత కావచ్చు. టీవీ, స్పీకర్ల పక్కన ఇల్లు పెట్టకూడదనడానికీ కారణం ఇదే.

వంటింట్లో హ్యామ్‌స్టర్ ఉండకూడదు. ఎలుక జాతి జంతువుల ద్వారా మనుషులకు సోకగల కొన్ని వ్యాధులు గర్భిణులకు, పసిపిల్లలకు ప్రమాదకరం. పడక మార్చిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఒంటరితనం, శుభ్రత, చట్టం

ఒక ఇంటికి ఒక సిరియన్ హ్యామ్‌స్టర్, అంతే. "పాపం ఒంటరిగా ఉంది" అని జత తెస్తే, ఎదిగిన రెండూ రక్తం వచ్చేలా, ఒక్కోసారి ఒకటి చచ్చేదాకా పోట్లాడుకుంటాయి. ఏడెనిమిది వారాల వయసుకే తోబుట్టువులను విడదీయాలి. మరుగుజ్జు జాతులు కొన్నాళ్లు కలిసి ఉండగలవు కానీ ఏ రాత్రైనా గొడవ రావచ్చు, అందుకే రెండో ఇల్లు సిద్ధంగా లేకుండా వాటిని జతగా తేవద్దు.

శుభ్రత పేరుతో జరిగే అపకారం తక్కువేమీ కాదు. వారం వారం ఇల్లంతా ఖాళీ చేసి, డెట్టాల్ వాసన వచ్చేలా కడిగి, కొత్త పడక వేయడం మనకు తృప్తినిస్తుంది. వాసనతోనే ఇంటిని గుర్తుపట్టే జంతువుకు మాత్రం అది ప్రతి వారం ఇల్లు మారడం. లోతైన పడక ఉన్న పెద్ద ఇంట్లో మూత్రం పోసే మూలను రెండు మూడు రోజులకోసారి తీసేస్తే చాలు. మొత్తం పడక ఒకేసారి మార్చకుండా, నెలకో రెండు నెలలకో మూడో వంతు మార్చి, పొడిగా ఉన్న పాతదాన్ని కొత్తదానితో కలపాలి. ఈనిన తల్లి ఉంటే రెండు వారాలు పడకను ముట్టుకోవద్దు. బెదిరిన తల్లి పిల్లలను తినేస్తుంది. అహరోనీ తెచ్చిన తొలి తల్లి కూడా పెట్టెలో పెట్టగానే ఒక పిల్లను చంపిందని ఆయనే రాసి ఉంచాడు.

భారతదేశంలో 2018లో వచ్చిన పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనలు హ్యామ్‌స్టర్‌ను పెంపుడు జంతువుల జాబితాలో చేర్చాయి. దాన్ని అమ్మే దుకాణం రాష్ట్ర జంతుసంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి. కొనేముందు ఆ నమోదు పత్రం అడగడం కొనుగోలుదారు చేయగల పని. ఇంట్లో పెట్టే పెట్టె కొలత గురించి ఆ నిబంధనలు చెప్పవు, అది పెంచేవారి మనస్సాక్షికే వదిలేశాయి. స్విట్జర్లాండ్ చట్టం హ్యామ్‌స్టర్ నివాసానికి కనీస నేల, పడక లోతు అంకెల్లో నిర్ణయించింది. పశువైద్యులు సూచించే కొలతతో పోలిస్తే ఆ అంకెలు తక్కువే, అయినా చట్టంలో లోతు అనే మాట చేరడం చిన్న విషయం కాదు. అమెరికాలో హవాయి రాష్ట్రం హ్యామ్‌స్టర్ పెంపకాన్నే నిషేధించింది. తప్పించుకున్నవి అక్కడి వాతావరణంలో స్థిరపడి పంటలకూ స్థానిక జీవులకూ ముప్పు తెస్తాయన్న భయం దానికి కారణం. వేరే రాష్ట్రంనుంచి హవాయికి ఉద్యోగం మారుతున్న తెలుగు కుటుంబాలు పిల్లల హ్యామ్‌స్టర్‌ను వెంటపెట్టుకుని బయల్దేరే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

కొత్త ఇంటికి చేరిన హ్యామ్‌స్టర్‌ను మొదటి మూడు నాలుగు రోజులు ఎత్తుకోకుండా వదిలేయాలి. అది మొదటి సొరంగం తవ్వి, పాత గూటినుంచి తెచ్చి ఇచ్చిన గుప్పెడు పడకను కొత్త గదిలోకి మోసుకెళ్లేదాకా పెట్టె సగభాగం మీద పలచని గుడ్డ కప్పి ఉంచవచ్చు. ముసలితనంలో, ఏడాదిన్నర దాటాక, కీళ్లు బిగుసుకుంటాయి. అప్పుడు అరుగులు తీసేసి, చక్రం దగ్గరకు వాలు చేసి, నీళ్ల గిన్నెను గూటికి చేరువగా జరపాలి. పడక లోతు మాత్రం తగ్గించనక్కర్లేదు.